రేసింగ్ లైసెన్స్ స్కూలుకి వెళ్తానంటున్న భీమవరం చెల్లికి

వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను: "అన్నయ్యగారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వయసు 26. తణుకులో ఉద్యోగం. రోజూ అత్తిలి మీదుగా మా స్విఫ్ట్ నేనే నడుపుకుని వెళ్తాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు చూసినప్పటి నుంచి ఒకటే ఆలోచన, ఒక్కసారైనా ట్రాక్ మీద పోటీలో నడపాలని. చెన్నై దగ్గర రేసింగ్ స్కూల్లో చేరి లైసెన్స్ తీసుకోవాలనుకుంటున్నాను. అక్కడ ఏం చేయిస్తారు? ఫెయిల్ చేస్తారా? నా కారు తీసుకెళ్లాలా? అందరూ మగపిల్లలే ఉంటారేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మ ఆ మాట ఎత్తితేనే అన్నం మానేస్తానంటోంది. నాన్నగారు మాత్రం 'ముందు విషయం కనుక్కో, తర్వాత చూద్దాం' అన్నారు."

చెల్లీ,

నాన్నగారు సరిగ్గా చెప్పారు. అందుకే వివరంగా రాస్తున్నాను, వీలైతే ఆయనకి కూడా చదివి వినిపించు. నేనుండేది అమలాపురం. ఇలాంటి స్కూలు చేసి లైసెన్స్ తీసుకున్నాను, ఈమధ్య వీలు దొరికినప్పుడల్లా చెన్నై ట్రాక్‌లో మార్షల్‌గా, అంటే డ్రైవర్లని జెండాలతో హెచ్చరించే మనిషిగా, నిలబడుతున్నాను, కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ తడబడతారో స్టీరింగ్ వెనక నుంచీ తెలుసు, గార్డ్ రెయిల్ వెనక నుంచీ తెలుసు.

స్పీడు నేర్చుకోవడానికి వెళ్తున్నాం అనుకునే చాలామంది ఆ గేటు దాటుతారు. నేర్పేవాళ్లు చూసేది మాత్రం వేరే. నీ కారుకి జానెడు దూరంలో, గంటకి నూట ఇరవైలో వెళ్తున్న ఇంకో డ్రైవరు, నువ్వు తర్వాతి క్షణంలో ఏం చేస్తావో ముందే ఊహించగలడా లేదా? వాళ్లు రోజంతా వెతికేది దీనికి జవాబే. లైసెన్స్ అంటే నీతో కలిసి ట్రాక్ మీదకి దిగడానికి మిగతావాళ్లకి అభ్యంతరం లేదు అని ఒకరు సంతకం పెట్టి చెప్పడం. ఇది మనసులో పెట్టుకుంటే అక్కడ చేయించే ప్రతి పనీ ఎందుకో నీకే అర్థమవుతుంది.

లైసెన్స్ ఇచ్చేది స్కూలు కాదు, ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య. దేశంలో ఏ గుర్తింపు ఉన్న రేసు జరిగినా వాళ్ల నిబంధనల కిందే. స్కూలు ఇచ్చేది నువ్వు శిక్షణ పూర్తి చేశావనే సర్టిఫికెట్. దాన్ని, డాక్టర్ సర్టిఫికెట్‌ని కలిపి ఫెడరేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, తర్వాత ఏటా రెన్యూ చేయించుకోవాలి. అందుకని డబ్బు కట్టకముందే అడగాల్సిన మొదటి ప్రశ్న, "మీ సర్టిఫికెట్‌ని ఫెడరేషన్ ఒప్పుకుంటుందా, ఏ గ్రేడు లైసెన్స్‌కి?" అని. ఫోన్లో "అంతా చూసుకుంటాం మేడమ్" అంటే ఊరుకోకు, మెయిల్‌లో రాసి పంపమను. సరదాగా ఒకపూట ట్రాక్ మీద తిప్పి ఫొటోలు తీసి పంపే కార్యక్రమాలు వేరే ఉన్నాయి, అవీ బాగానే ఉంటాయి గానీ వాటితో లైసెన్స్ రాదు.

చెన్నై ట్రాక్ అంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. ఆ క్లబ్బు 1953లో పుట్టింది, పూర్వం షోలవరంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవారు. ఇప్పటి ట్రాక్ పూర్తి పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, అది చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది గానీ మనకి దూరం. భీమవరంలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి చెన్నైలో ఉంటావు కాబట్టి నీకు చెన్నైయే మేలు. ఒక్క మాట, రైలు దిగి నేరుగా ట్రాక్‌కి వెళ్లకు. ఒకరోజు ముందే చేరి రాత్రి కంటినిండా నిద్రపో. నిద్ర చాలని డ్రైవరు మధ్యాహ్నం తర్వాత చేసే పనులు మార్షల్‌గా చూసి చూసి చెప్తున్నాను.

నీ కారు సంగతి. తీసుకెళ్లొద్దు. లైసెన్స్ స్కూళ్లలో చాలావరకు కారు వాళ్లే ఇస్తారు, లోపల రోల్ కేజ్ (బోల్తా పడినా కారు నలగకుండా ఆపే ఇనప గొట్టాల చట్రం), ఆరు పట్టీల బెల్టు ఉన్న రేసు కారో, మారుతి ఇంజన్‌తో నడిచే ఒంటి సీటు ఫార్ములా కారో. నీ స్విఫ్ట్‌లో ఇవేవీ ఉండవు. ఇంకో కారణం ఉంది, నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పు: మన మామూలు మోటారు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదివితే "ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్"కి వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద గోడకి తగిలితే ఒక్క రూపాయి రాదు.

వాళ్ల కారే అయినా డబ్బు గొడవ అక్కడితో తీరదు. కారుకి డ్యామేజీ అయితే ఎవరు కట్టాలి, ఎంతవరకు కట్టాలి, గేర్‌బాక్స్ పోతే అది డ్యామేజీ కిందకి వస్తుందా, టైరు మీద ఒకేచోట రబ్బరు అరిగిపోతే దానికి వేరే బిల్లు వేస్తారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సంతకం పెట్టమని ఇచ్చే ఫారం ముందురోజే తెప్పించుకుని చదువు. పొద్దున్నే క్యూలో నిలబడి, ఎవరో పెన్ను ఇచ్చి తొందరపెడుతుంటే ఎవరూ చదవరు. ఫీజులో ఏమేం కలిశాయో కూడా అడుగు, కొన్నిచోట్ల హెల్మెట్, సూటు అద్దె వేరే, పెట్రోలు వేరే.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది ఇది. మేం కార్లు నడుపుతున్నంతసేపూ ట్రాక్ దగ్గర అంబులెన్స్, డాక్టరు, మంటలార్పే మనుషులు, మలుపుల దగ్గర మార్షల్స్ ఉంటారా? జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే వెళ్లకు. కట్టిన డబ్బు పోయినా సరే వెళ్లకు.

ఇక అక్కడ రోజు ఎలా నడుస్తుందో చెప్తాను. పొద్దున్నే కార్లు కనపడతాయి గానీ ఎక్కనివ్వరు. ముందు క్లాసు. మొదట నేర్పేది కూర్చోవడం, నిజంగానే. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి, వీపు సీటుకి అంటుకుని ఉండగా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉన్నచోట ఉండాలి. నడుం పట్టీ కిందకి, తుంటి ఎముకల మీదకి లాగి ముందు అది బిగించాలి, తర్వాతే భుజాల పట్టీలు. ఊపిరి పూర్తిగా అందడం లేదేమో అనిపించేంత బిగువు ఉంటుంది, మొదట్లో చిరాకేస్తుంది, రెండు ల్యాపుల (ట్రాక్ చుట్టూ రెండు చుట్ల) తర్వాత గుర్తే ఉండదు. వదులుగా ఉంటే మలుపులో ఒళ్లు జారిపోకుండా స్టీరింగ్ పట్టుకుని వేలాడతావు, అప్పుడు నీ చేతులకి టైరు చెప్పేది వినపడదు.

తర్వాత జెండాలు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మార్షల్‌ని కదా. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, ఎవర్నీ దాటొద్దు. రెండు పసుపులు ఊపితే రోడ్డు మీదే ఏదో అడ్డం ఉంది, ఆగడానికి సిద్ధంగా ఉండు. ఎరుపు అంటే సెషన్ ఆగిపోయింది, అద్దంలో చూసుకుంటూ నెమ్మదించి మెల్లగా పిట్స్‌కి, అంటే ట్రాక్ పక్కన కార్లు నిలిపేచోటికి, రా. నీలం అంటే నీకంటే వేగంగా వచ్చేవాడు వెనకే ఉన్నాడు. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు జారుతోంది, నూనె కావచ్చు, నీళ్లు కావచ్చు, మట్టి కావచ్చు. తెలుపు అంటే ముందు నెమ్మదిగా వెళ్లే బండి ఉంది. నలుపు మధ్యలో నారింజ రంగు చుక్క, పక్కన నీ నంబరు కనపడితే నీ కారులో ఏదో చెడింది, లోపలికి రా. ఇవి ఇంట్లోనే, బయల్దేరకముందే నోటికి వచ్చెయ్యాలి. బ్రిటన్‌లో రేసింగ్ లైసెన్స్ రాతపరీక్షలో జెండాల ప్రశ్నలన్నీ సరిగ్గా రాయాల్సిందే, ఒక్కటి తప్పినా పాస్ చెయ్యరు. మనదగ్గర అడిగే పద్ధతి వేరుగా ఉండొచ్చు గానీ దాని వెనకున్న కారణం ఒకటే. మలుపు అవతల ఆగిపోయిన కారు నీకు కనపడదు, అందులో మనిషి ఉన్నాడో దిగాడో తెలియదు, దాన్ని తొలగించడానికి నాలాంటివాడు తెల్ల ఓవరాల్ వేసుకుని ట్రాక్ మీదకి దిగి ఉంటాడు. ఆ క్షణంలో వాడికి రక్షణ నీ కంటికి కనపడిన ఆ పసుపు గుడ్డే. ఎంత బాగా నడిపే పిల్లలైనా పసుపు జెండా కింద వేగం తగ్గించకపోతే వాళ్లని ఇంటికి పంపించెయ్యాలన్నది నా అభిప్రాయం, ఇందులో నాకు మొహమాటం లేదు.

ఇక నడపడంలో మొదటిది చూపు. జెండా కనపడాలంటే చూపు దూరంగా ఉండాలి. మన డెల్టా రోడ్లు మన కళ్లని పాడుచేసేది ఇక్కడే. అత్తిలి రోడ్డు మీద నువ్వు చూసేది బానెట్ ముందు ఇరవై అడుగులు, ఎందుకంటే గొయ్యి ఉంటుంది, రోడ్డు సగం మీద ఎవరో ధాన్యం ఆరబోసి ఉంటారు, ముందు వెళ్లే చేపల లారీ నుంచి నీళ్లు కారుతుంటాయి, పక్క బోదె మీంచి గేదె పైకి ఎక్కుతుంది. ఆ అలవాటు అక్కడ ప్రాణం కాపాడింది, కాదనను. ట్రాక్ మీద మాత్రం గంటకి వంద వేగంలో సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతావు, దగ్గరికి చూస్తే అన్నీ మీద పడుతున్నట్టు ఉంటుంది, చేతులు తడబడతాయి. బ్రేకు వేస్తున్నప్పుడే చూపు మలుపు లోపలి అంచుకి వెళ్లాలి, అక్కడికి చేరకముందే బయటికి వెళ్లే దారికి వెళ్లాలి. ఇన్‌స్ట్రక్టరు రోజంతా చెవిలో "కళ్లు పైకి, కళ్లు పైకి" అంటూనే ఉంటారు. ఇప్పటి నుంచే ప్రాక్టీసు చెయ్యి, వేగం పెంచకుండా. ఉద్యోగానికి వెళ్తూ చూపుని దూరంగా పెట్టి, దగ్గరి గోతుల్ని ఓరకంటితో పట్టుకోవడం అలవాటు చేసుకో.

రెండోది బ్రేకు. రోడ్డు మీద మనం మెల్లగా మొదలుపెట్టి, ఆగేచోటు దగ్గరయ్యేకొద్దీ గట్టిగా తొక్కుతాం. ట్రాక్ మీద దీనికి ఉల్టా. మొదట్లోనే గట్టిగా, అయితే తన్నినట్టు కాకుండా త్వరగా ఒత్తి, టైరు పట్టు చివరి అంచు దగ్గర నిలబెట్టి, మలుపులోకి తిప్పేకొద్దీ కాలు మెల్లగా వదలాలి. కారు ముందుకి ఒరిగి బరువు ముందు టైర్ల మీద పడినప్పుడే వాటికి పట్టు వస్తుంది, తన్నితే బరువు చేరకముందే చక్రం లాక్ అయిపోతుంది. చాలా రేసు కార్లలో చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ ఉండదు. చక్రం ఆగిపోతే పొగ వస్తుంది, స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగానే పోతుంది, అప్పుడు కాలు కాస్త వదిలితే మళ్లీ మాట వింటుంది. ఇది పుస్తకంలో చదివితే రాదు, కాలికి తెలియాలి, అందుకే ఒక ఖాళీ చోట కోన్లు పెట్టి పదేపదే చేయిస్తారు. విసుగు పుట్టేదాకా చేయించే స్కూలే మంచి స్కూలు. ఇంకో లెక్క, నూటనలభైలో ఉన్న కారుని ఆపడానికి, వందలో ఉన్నదాన్ని ఆపడానికి పట్టే శక్తి కంటే దాదాపు రెట్టింపు కావాలి. వేగం కొంచెమే పెరిగినట్టు అనిపిస్తుంది, బ్రేకులకి మాత్రం పని రెట్టింపు. అందుకే సెషన్ చివర ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పి వాటిని చల్లార్చమంటారు, ఆపాక హ్యాండ్‌బ్రేకు వెయ్యొద్దంటారు, కాలుతున్న డిస్కుకి ప్యాడ్ అతుక్కుంటుంది.

మలుపుల్లో లైను గురించి బోర్డు మీద గీతలు గీసి చెప్తారు, బయటి నుంచి లోపలి అంచుకి, అక్కడి నుంచి మళ్లీ బయటికి. అర్థం కావడం తేలిక. చెయ్యడంలో అందరూ చేసేది తొందరపడి ముందే తిప్పెయ్యడం. ముందే తిప్పితే లోపలి అంచుకి త్వరగా చేరతావు, బయటికి వచ్చేసరికి రోడ్డు చాలదు. కొత్తవాళ్లని కాస్త ఆలస్యంగా తిప్పమనేది అందుకే, అలా చేస్తే ఎదర రోడ్డు మిగులుతుంది, యాక్సిలరేటర్ ముందుగా తొక్కొచ్చు. పొడవైన స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని దారి) ముందున్న మలుపు అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి నుంచి బయటపడినప్పుడు ఉన్న వేగం ఆ స్ట్రెయిట్ అంతా నీతో వస్తుంది. లోపలికి దూకుడుగా వెళ్లి సంపాదించింది ఆ మలుపులోనే ఖర్చయిపోతుంది.

నాలుగోది, నాకు బాగా దగ్గరైనది. చక్రాలు రోడ్డు దిగితే ఏం చెయ్యాలి? మన గట్టు రోడ్ల మీద ఎన్ని కార్లు కాలవలో పడ్డాయో నీకూ తెలుసు. ఎదురొచ్చే ట్రాక్టరుకి దారి ఇవ్వబోతే ఎడమ చక్రం తారు దిగి బెర్ము మీద, అంటే పక్కనున్న మట్టి అంచు మీద పడుతుంది. మనిషి ఉలిక్కిపడి స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి లాగుతాడు. అంచుని ఒరుసుకుంటున్న టైరు ఉన్నట్టుండి తారుని పట్టుకుంటుంది, కారు విసురుగా అడ్డం తిరిగి కుడిపక్క కాలవలోకి పోతుంది. చాలాసార్లు కారు పడేది చక్రం దిగిన వైపు కాదు, అవతలి వైపు. ట్రాక్ మీద కూడా అచ్చం ఇదే. స్కూల్లో నేర్పేది, లాగొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, యాక్సిలరేటర్ మెల్లగా వదులు, గడ్డి మీదే వేగం తగ్గనివ్వు, వెనక ఎవరూ లేరని చూసుకుని అప్పుడు తిరిగి ఎక్కు. ఈ ఒక్క పాఠం కోసం కాలవగట్టు మీద బండి నడిపే ప్రతివాళ్లనీ అక్కడికి పంపాలనిపిస్తుంది నాకు. నాన్నగారికి ఇది చెప్పు, ఆయన చెరువుల దగ్గరికి రోజూ గట్టు మీదే కదా వెళ్లేది.

కారు పూర్తిగా తిరిగిపోతే సూత్రం వేరు. రెండు కాళ్లూ లోపలికి, అంటే క్లచ్, బ్రేకు కలిపి పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. చక్రాలన్నీ లాక్ అయిన కారు ఏ దిక్కుకి జారుతోందో దాదాపు అదే దిక్కుకి జారుతుంది, వెనక వచ్చేవాళ్లు దాన్ని బట్టి తప్పుకుంటారు. మధ్యలో బ్రేకు వదిలితే టైర్లు పట్టుకుని కారు ట్రాక్‌కి అడ్డంగా దూసుకుపోతుంది, అదెటో ఎవరికీ తెలియదు. పైన చెప్పాను కదా, పక్కవాడు ఊహించగలగాలి అని, స్పిన్‌లో కూడా అంతే. ఆగాక మంట లేకపోతే బెల్టు విప్పకు, దిగకు, మార్షల్ చెప్పేదాకా లోపలే ఉండు.

ఫెయిల్ చేస్తారా అని అడిగావు. చేస్తారు, అంటే సర్టిఫికెట్ ఇవ్వకుండా మళ్లీ రమ్మంటారు. ఒకసారి స్పిన్ అయినందుకు ఎవరూ ఫెయిల్ చెయ్యరు, ఎందుకు అయిందో అడిగితే నువ్వు చెప్పగలిగితే చాలు. అదే తప్పుని మూడోసారి చేసినవాళ్లని, జెండా చూడనివాళ్లని, చెప్తే వాదించేవాళ్లని ఆపేస్తారు. ల్యాపు టైము గురించి బెంగ పెట్టుకోకు. మంచి స్కూళ్లు మొదట్లో స్టాప్‌వాచ్ చూపించవు కూడా. వాళ్లు చూసేది నీ ఐదు ల్యాపులు ఒకదానితో ఒకటి ఎంత దగ్గరగా ఉన్నాయి, ఒకే చోట బ్రేకు వేస్తున్నావా, ఒకే చోట తిప్పుతున్నావా అని. చివర్లో స్టార్టు ప్రాక్టీసు, పక్కపక్కన నడపడం, ఒకరినొకరు దాటడం, ఒక చిన్న ఉత్తుత్తి రేసు ఉంటాయి. అక్కడ గెలవాలని చూడొద్దు. పక్కవాడికి ఒక కారు వెడల్పు చోటు వదలడం నీకు అలవాటైందని వాళ్లకి కనపడాలి.

నరైన్ కార్తికేయన్ తెలుసుగా, 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు. ఆయన కూడా 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాడు. మన ఊళ్లో "నీకు స్కూలెందుకు, బాగానే తోలతావుగా" అనేవాళ్లకి ఈ మాట చెప్పు. సంక్రాంతికి గట్టు రోడ్ల మీద పందేలు కట్టి తోలే కుర్రాళ్లు నిన్ను పిలిస్తే వెళ్లకు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసు నేరం, జైలు శిక్ష కూడా ఉంది, అంతకంటే ముందు అక్కడ సైకిలు మీద వచ్చే పెద్దాయనకి రేసు జరుగుతోందని ఎవరూ చెప్పరు.

మగపిల్లల సంగతి. నిజమే, ఎక్కువమంది వాళ్లే ఉంటారు, ఒక్కోసారి నువ్వొక్కదానివే కావచ్చు. చెన్నైకే చెందిన రేసర్ అలీషా అబ్దుల్లా లాంటివాళ్లు ఆ ట్రాకుల మీదే పెరిగి పేరు తెచ్చుకున్నారు, ఆడపిల్ల హెల్మెట్ పెట్టుకోవడం అక్కడివాళ్లకి కొత్త కాదు. నేను చూసినంతలో ఆడపిల్లలు చెప్పింది చెప్పినట్టు చేసి తొందరగా కుదురుకుంటారు, మగపిల్లలు మొదటి పూట పక్కవాడికి చూపించుకోవడంలో పోగొడతారు. అయినా అందరూ మంచివాళ్లే అని నేను హామీ ఇవ్వలేను. బట్టలు మార్చుకునే గది, బాత్రూము ఆడవాళ్లకి వేరే ఉన్నాయా అని ముందే అడుగు, అడగడానికి సిగ్గుపడకు. ఎవరైనా నోరు జారితే నేరుగా చీఫ్ ఇన్‌స్ట్రక్టరుకి చెప్పు.

సామాను. హెల్మెట్ వాళ్లు అద్దెకిస్తే లోపల స్టిక్కర్ చూడు. హెల్మెట్లని పరీక్షించే స్నెల్ సంస్థ ఎస్ఏ గుర్తు గానీ, ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఐఏ గుర్తు గానీ ఉండాలి. బైకు హెల్మెట్ పనికిరాదు, కారు హెల్మెట్‌ని మంటకి తట్టుకుంటుందా, రోల్ కేజ్‌కి పదేపదే తగిలినా నిలుస్తుందా అని పరీక్షిస్తారు, బైకుదానికి ఆ పరీక్షలుండవు. మెడ దగ్గర హాన్స్ అనే కాలరు లాంటిది ఇస్తే సంతోషంగా పెట్టుకో. గుద్దుకున్నప్పుడు ఒంటిని బెల్టు ఆపుతుంది, ఇది లేకపోతే తలని ఏదీ ఆపదు, పుర్రె అడుగు విరిగి ప్రాణం పోయేది అందువల్లే. అమెరికాలో నాస్కార్ అనే కార్ల రేసుల్లో పేరుమోసిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్డ్ 2001లో అలాగే చనిపోయాడు, ఆ తర్వాతే ఆ రేసుల్లో ఇలాంటివి తప్పనిసరి చేశారు, ఫార్ములా వన్‌లో హాన్స్ 2003 నుంచి ఉంది. సూటు లోపల నూలు బట్టలే వేసుకో. నైలాన్, పాలియెస్టర్ మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి, లోపలి బట్టలు, సాక్సులు కూడా నూలువే. గొలుసు, జూకాలు, గాజులు, కాలి పట్టీలు అన్నీ గదిలోనే తీసేసి వెళ్లు. జుట్టు మెడ దగ్గర కిందకి బిగించి అల్లుకుని బాలాక్లావా (హెల్మెట్ కింద తలకి వేసుకునే గుడ్డ ముసుగు) లోపల పెట్టెయ్యి, నడినెత్తిన ముడి వేస్తే హెల్మెట్ కూర్చోదు. అడుగు పల్చగా ఉన్న బూట్లు కావాలి, మందపాటి స్పోర్ట్స్ షూతో పెడల్ ఎంత నొక్కుతున్నావో తెలియదు. కళ్లద్దాలుంటే ఒక జత అదనంగా తీసుకెళ్లు.

ఎండ, తిండి తేలిగ్గా తీసుకోకు. శ్రీపెరుంబుదూరు ఎండలో, మూసిన కారులో, మందపాటి సూటులో పదిహేను ఇరవై నిమిషాల సెషన్ చేసి వస్తే సూటు పిండేలా ఉంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి సెషన్‌కీ ముందూ వెనకా ఉప్పేసిన పల్చటి మజ్జిగో ఓఆర్ఎస్సో తాగుతూ ఉండు. మధ్యాహ్నం భోజనం సగం కడుపే. బిర్యానీ పెడతారు, సాయంత్రం తిను. తల తిరుగుతున్నట్టు ఉంటే "ఈ సెషన్ మానేస్తాను" అని చెప్పెయ్యి, అలా చెప్పినవాళ్లని చూస్తే ఇన్‌స్ట్రక్టర్లకి నమ్మకం పెరుగుతుంది, తగ్గదు.

అమ్మ గురించి. ప్రమాదం లేదని ఆవిడకి చెప్పకు, అది అబద్ధం, అమ్మలు ఇట్టే పట్టేస్తారు. కారు ఎక్కాక ఏమేం కట్టుకుంటావో, అంబులెన్స్ ఎక్కడ నిలబడి ఉంటుందో, డాక్టరు ఉంటారో లేదో, ఇందాక నిన్ను అడగమన్న ప్రశ్నలకి వచ్చిన జవాబులు ఆవిడ ముందు పెట్టు. ఆవిడకి భయం రేసుకంటే కూడా నువ్వు తనకి తెలియకుండా ఏదో చేస్తున్నావన్న దాని గురించే ఎక్కువేమో, అడిగి చూడు. కుదిరితే నాన్నగారిని తోడు తీసుకెళ్లు. పెద్దవాళ్లు పిట్స్ అవతల కూర్చుని ఒక పూట చూస్తే ఇంటికి ఫోను చేసి వాళ్లే సర్దిచెప్తారు, నీ మాటకంటే ఆయన మాట నడుస్తుంది అక్కడ.

లైసెన్స్ వచ్చాక వెంటనే రేసులో దిగడానికి డబ్బు కూడదియ్యకు. టైర్లు, కారు అద్దె, ఎంట్రీ ఫీజు, ప్రయాణాలు కలిపితే ఒక సీజను ఖర్చు ముందు స్కూలు ఫీజు చిన్నది. ముందు ఒక రేసు వారాంతానికి మార్షల్‌గా వచ్చి చూడు, క్లబ్బులకి వలంటీర్లు ఎప్పుడూ కావాలి, తిండి పెడతారు, జెండాలు చేతికే ఇస్తారు, ఎవరు ఎక్కడ ఎందుకు తప్పు చేస్తున్నారో మలుపు దగ్గరే నిలబడి చూడొచ్చు. స్కూలుకి ముందే వస్తే ఇంకా మంచిది. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా కార్టింగ్ (చిన్న గో-కార్టు బండ్లు నడపడం) చెయ్యి, చవకలో చూపు, లైను రెండూ అలవాటవుతాయి.

ఈ వారంలో చెయ్యాల్సింది, స్కూలు వాళ్లకి మెయిల్ పెట్టడం: సర్టిఫికెట్‌కి ఫెడరేషన్ గుర్తింపు, డ్యామేజీ షరతు, అంబులెన్స్, ఆడవాళ్లకి గది. జవాబులు వచ్చాక, డబ్బు కట్టకముందు, నాకు పంపు, డ్యామేజీ షరతు మనిద్దరం కలిసి చదువుదాం. ఈలోగా భీమవరంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి కంటిచూపు, బీపీ, బ్లడ్ గ్రూపు చూపించుకుని రిపోర్టు తీసుకో, దరఖాస్తుకి అవి అడుగుతారు.